మూడో నంబరు బిట్టు

సెప్టెంబర్ 5, 2011

నా భార్య సుగ్రాను పొద్దున భూపాలపల్లి బస్సెక్కించి వచ్చాను. జబీన్‌కు నెలలు నిండడానికి ఇంకా టైముంది. కానీ కాళ్లు బాగా ఉబ్బుతున్నాయని అల్లుడు జునైద్ ఫోన్ చేసేసరికి తల్లి మనసు ఆగలేదు. బస్సు కదులుతుంటే కిటికీలోంచి చెప్పిన మాట ఒక్కటే. "సునో జీ, సుగర్ గోలీలు మరువకు."

వడ్రంగం దుకాణం తీసి, చెక్క నునుపు చేసే రందా పట్టి, మళ్లీ కింద పెట్టేశాను. ఇల్లూ దుకాణం ఒకే గోడకు అటూ ఇటూ. ఆమె గిన్నెల చప్పుడు వింటూ పని చేయడం అలవాటై, చప్పుడు లేకపోతే చెయ్యి సాగదని ఇవాళే తెలిసింది.

మాట్లాడే మనిషి లేక రాస్తున్నాను. ఉర్దూ చదవగలను గానీ రాయలేను. జనగామ బడిలో నేర్చింది తెలుగే. ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకునేది వేరు, కాగితం మీదికి వచ్చేసరికి అన్నీ తెలుగు మాటలైపోతున్నాయి.

సెప్టెంబర్ 8

ఈ పెన్నులో సిరా పలచగా ఉంది. మందంగా రాసేది ఇంకోటి కొన్నాను.

సెప్టెంబర్ 11

లింగాల ఘనపూర్‌లో మణెమ్మ వాళ్ల కొత్తింటికి తలుపు బిగించి వచ్చాను. టేకు తలుపు, మంచి బరువు. మణెమ్మ, ఆమె అత్త కొమురవ్వ ఇద్దరూ దాన్ని నిమిరి నిమిరి చూసుకున్నారు. పుట్టినకాడినుంచి రేకు తలుపు ఇంట్లోనే బతికిన మనుషులు.

పని మాత్రం చికాకు పెట్టింది. తలుపును దర్వాజా చట్రానికి పట్టే కబ్జాలకు పెద్ద స్క్రూలు తీసుకుపోయాను. డ్రిల్లు మిషనుకు స్క్రూ తిప్పే బిట్టు తగిలించి నొక్కితే, స్క్రూ దిగే బదులు బిట్టు కర్రుమని జారుతోంది. స్క్రూ తల మీద ఉన్న గాడి అరిగి గుండ్రమైపోయింది. ఒకటి కాదు, పై కబ్జాలో చాలా వరకు అంతే. ఈ మధ్య వచ్చే బిట్లు వట్టి నాసిరకం. వెనకటి ఉక్కు కాదు.

చివరికి సుత్తితో రెండు దెబ్బలు వేసి సరిపెట్టాను. పైన పాలిష్ పడితే కనిపించదు.

సెప్టెంబర్ 13

సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు, బళ్లు బంద్. బొగ్గు బావులు కూడా బందేనట. జునైద్ పనికి పోవడం లేదు. చౌరస్తాలో టెంటు వేశారు. మా వడ్రంగులం కూడా ఒకరోజు కూర్చోవాలన్నారు. కూర్చుంటాను. మనిషి గొంతు వినిపిస్తుంది.

సెప్టెంబర్ 19

నేటి నుంచి బస్సులు లేవు.

సుగ్రా ఫోన్ చేసింది. జబీన్‌కు కొడుకు పుట్టాడు!

"గింత ముందుగాలనే ఎట్ల?" అన్నాను.

"జర తొందరపడ్డడు. మంచిగనే ఉన్నడు. పండుకున్నడు. నువ్వు తిన్నవా?"

తిన్నానన్నాను. తినలేదు. మిఠాయి కొని టెంటు దగ్గర పంచాను. అందరూ భుజం తట్టారు. పాటలు పాడుతున్న పిల్లలు ఒక చరణం నా మనవడి పేరు మీద పాడతామన్నారు. పేరేమిటని అడిగితే తెల్లబోయాను. అడగనే లేదు.

సెప్టెంబర్ 22

వెళ్లాలని ఉంది. బస్సులు లేవు.

సెప్టెంబర్ 26

రెండు రోజులు రైళ్లు కూడా ఆపారు. ఇప్పుడు నడుస్తున్నాయి. దుకాణం వెనకే పట్టాలు, చప్పుడు వినిపిస్తుంది. అయినా భూపాలపల్లికి రైలు లేదు కదా. జీపులు పోతున్నాయట, కిక్కిరిసి. ఆ జీపుల్లో ఎక్కడం, ఎక్కడో దింపితే దిగడం, దారి వెతుక్కోవడం నా వల్ల కాదు. బస్సులు మొదలు కానీ.

కరెంటు రోజూ పోతోంది. వచ్చినప్పుడు కూడా వోల్టేజీ చాలదు. బిట్లు జారుతున్నది అందుకే అయి ఉంటుంది. ఒక బల్ల చేస్తుంటే నాలుగు స్క్రూల తలలు పాడయ్యాయి.

సెప్టెంబర్ 29

మానుకోటలో ఉన్న సోమనర్సయ్యకు ఫోన్ చేశాను. నర్సింహులపేట నుంచి వచ్చి నా దగ్గరే పని నేర్చుకున్న మనిషి. ఇప్పుడు మానుకోటలో సొంత కార్ఖానా. బిట్ల సంగతి చెప్పి, మంచివి ఎక్కడ దొరుకుతాయని అడిగాను.

"అన్నా, ఏ స్క్రూకు ఏది పెడుతున్నవ్?"

"ఏది పెడతరు? కబ్జాల స్క్రూకు కబ్జాల బిట్టు."

"గట్ల గాదన్నా. కబ్జాలకు లావు స్క్రూలైతే మూడో నంబరు పెట్టాలె. రెండో నంబరు గాడిల కూసున్నట్టే కొడుతది గని కూసోదు, లోపల సందుంటది. తిప్పంగనే పైకెగిరి తలను తింటది. బిట్టుకు స్క్రూ తగిలిచ్చి అడ్డంగ పట్టి సూడు. పడిపోతే చిన్నదన్నట్టు. అసలు లోపలికే దిగకపోతే పెద్దదన్నట్టు."

వాడికి ఆ మాట చెప్పింది నేను. అవే మాటలతో, అదే వరసలో. మొదటివారం వాడు తలలన్నీ పాడు చేస్తుంటే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. ఇవాళ నాకే పాఠం.

"నాకెరుకలేదారా?" అన్నాను.

"ఎరుకలేదని గాదన్నా. బిట్టు మీద నంబరు ఉంటది గదా. సూస్తలేవా?"

ఎవరో పిలుస్తున్నారని ఫోన్ పెట్టేశాను. ఎవరూ పిలవలేదు.

అదే రోజు, తరువాత

బిట్ల మీద నంబర్లు మరీ చిన్నగా కొడుతున్నారు. మనిషి చదివేలా కొట్టాలి.

అక్టోబర్ 1

అద్దాలు తుడుచుకున్నాను. మళ్లీ తుడుచుకున్నాను.

సుగ్రా ఫోన్. ఎప్పటిలాగే అందరూ మంచిగున్నారంది. తొందరగా పెట్టేసింది. బాలింత ఇల్లు, పని ఉంటుంది. నేను కూడా పని బాగా నడుస్తోందన్నాను.

అక్టోబర్ 3

మణెమ్మ ఫోన్ చేసింది. తలుపు ఊడి పడింది. పై కబ్జా దర్వాజా నుంచి విడిపోయి, తలుపంతా కొమురవ్వ కాలి మీద పడింది.

"నీ తప్పేం లేదన్నా," అంటోంది మణెమ్మ. "గాలికి కొట్టుకున్నదో, మేమే గట్టిగ గుంజినమో. ముసల్ది గడప కాడ కూసునుండె. జర అచ్చి సూస్తవా?"

తిట్టి ఉంటే నయంగా ఉండేది.

అక్టోబర్ 4

ఆటోలో ఘనపూర్ వెళ్లి వచ్చాను. ఇదంతా రాయాలి.

తలుపు గోడకు ఆనించి ఉంది. దర్వాజాకు ఒక గోనెపట్టా కట్టారు. కొమురవ్వ లోపల మంచం మీద ఉంది. కాలికి కట్టు. వేళ్లు రెండు చితికాయట, ఎముక విరగలేదు. నేను ముందు ఆమె దగ్గరికి పోలేదు. తలుపు దగ్గరికి పోయాను.

కబ్జా మీద బొటనవేలు పెట్టి ఒక్కొక్క స్క్రూనే తడిమాను. తలలన్నీ గుండ్రంగా, గరుకుగా, గాడి అన్నదే లేకుండా. ఒక్కటీ పూర్తిగా దిగలేదు. పైకి లేచి ఉన్నవాటిని ఆ రోజు సుత్తితో కొట్టాను కదా, సుత్తి దెబ్బకు చెక్కలో మర తెగి, ఒట్టి మేకుల్లా నిలబడ్డాయి. అంత బరువు తలుపును పై కబ్జాయే మోయాలి. ఇన్నాళ్లు ఆగడమే ఎక్కువ.

వోల్టేజీ కాదు. బిట్టు నాసిరకమూ కాదు.

మణెమ్మ చాయ్ ఇచ్చి, పత్తి చేనుకు పోవాలి, తలుపు ఎత్తే యాళ్లకు పక్కింటి ఆమెను తీసుకుని వస్తానని వెళ్లింది. నేనూ ముసలామే మిగిలాం. కరెంటు లేదు. మిషనుతో పని లేదు, చేతితో తిప్పే పిడి తెచ్చుకున్నాను. దానికే బిట్లు తగిలించుకోవచ్చు.

పాత స్క్రూల తలలను పట్టకారుతో పట్టి ఒక్కొక్కటే లాగేశాను. పాడైన రంధ్రాల్లో టేకు పుల్లలు జిగురుతో దిగ్గొట్టాను. కొత్త స్క్రూలు తీశాను. బిట్ల డబ్బా తెరిచి, మూడింటిని అరచేతిలో పోసుకున్నాను. మూడూ ఒకేలా, బూడిదరంగు మరకల్లా కనిపించాయి. వెలుతురుకు తిప్పాను. కంటికి దగ్గరగా, దూరంగా పెట్టాను. నంబర్లు లేవు. ఉన్నాయి, నాకు లేవు.

కళ్లు మూసుకున్నాను. అప్పుడు కొంచెం నెమ్మదించింది.

ఒక బిట్టును స్క్రూలో పెట్టి అడ్డంగా పట్టాను. స్క్రూ టప్పున పడింది. రెండోది పెట్టాను. నిలిచింది. ఇదే అనుకుంటూ మెల్లగా కదిపితే లోపల సన్నటి ఆట, ఊగే పన్నులాగా. ఆ రోజు నేను వాడింది ఇదే. చూపుంటే ఇది చేతికే వచ్చేది కాదు. చూపు లేదని ఒప్పుకుని ఉంటే, కదిపి చూసేవాణ్ని. మూడోది పెట్టాను. మూలలు మూలల్లోకి దిగి, రెండూ ఒకే ముక్క అయ్యాయి. ఊపాను. పడలేదు.

ఆ స్క్రూను తలుపు వైపు బిగించి, ఇంకోటి తీస్తుంటే చేతిలోంచి జారింది. వంగి వెతుకుతున్నాను.

"అటు గాదు బిడ్డా," అంది కొమురవ్వ మంచం మీది నుంచి. "నీ ఎడమ మోకాలు కాడ."

అటు తడిమాను. దొరికింది.

"నాకే మసక మసక. నాకు కనిపిచ్చింది నీకు కనిపియ్యలే." గొంతులో కోపం లేదు. లెక్క తేల్చుకుంటున్నట్టు ఉంది. "ఎప్పటిసంది?"

స్క్రూ మీది దుమ్ము తుడిచాను. తరువాత, "ఎండకాలం సంది," అన్నాను. ఆ మాట బయటికి వినడం అదే మొదటిసారి. "కుడి కన్ను ముందు. గిప్పుడు రెండూ. పొగల నుంచి సూసినట్టు ఉంటది అవ్వా."

"తలుపు బిగిచ్చిన్నాడు కూడా?"

"ఆ నాడు కూడా."

"గా ముచ్చట గప్పుడే చెప్తే తలుపు నా కాలి మీద పడకపోవు గదరా!"

"తప్పైంది అవ్వా."

"తప్పైంది అంటె వేళ్లొస్తయా?" అని, కాలు సర్దుకుంటూ మూలిగింది. నేను తల వంచుకుని కూర్చున్నాను. ఇంకా తిడుతుందనుకున్నాను. తిట్టాలని కూడా కోరుకున్నాను. ఆమె మాత్రం, "ఇంటామెకు ఎరుకేనా?" అంది.

"ఆమె భూపాలపల్లిల ఉన్నది. బిడ్డ కాన్పు."

"చెప్పినవా?"

"ఎట్ల చెప్పాలె అవ్వా, బస్సులు లేవాయె."

కొమురవ్వ నా వైపు తిరిగింది. "ఫోన్ల చెప్పెతందుకు బస్సులెందుకు బిడ్డా?"

స్క్రూ పట్టుకుని అలాగే ఉన్నాను.

మణెమ్మ, పక్కింటామె వచ్చి తలుపు ఎత్తి పట్టుకున్నారు, నేను కబ్జాలను దర్వాజాకు బిగించాను. మణెమ్మకు కూడా చెప్పాను, నా కళ్ల సంగతి, తలుపు ఎందుకు పడిందో. ఆమె ముఖం ఎలా మారిందో నాకు కనిపించలేదు. ఆ తరువాత, "ఈసారి గట్టిగున్నదా?" అని మాత్రం అడిగింది. తలుపు పట్టుకుని వేలాడి చూడమన్నాను. నిజంగానే వేలాడింది. పక్కింటామె నవ్వింది. మణెమ్మ నవ్వలేదు. నవ్వనక్కర్లేదు కూడా.

వచ్చేటప్పుడు కొమురవ్వ చేతులు పట్టుకున్నాను. "కాలు మానేదాక వారానికోసారి అచ్చి కనబడు," అంది. "ఒక్కదాన్నే పండుకోని పండుకోని పిచ్చిలేస్తది."

అక్టోబర్ 5

పొద్దున్నే సుగ్రాకు ఫోన్ చేశాను. ఆమె తిన్నావా అని అడిగేలోపే చెప్పేశాను.

"సుగ్రా, నా కండ్లు సక్కగ కనిపిస్తలేవు. నెలల సంది."

అటునుంచి ఏడుపు వినిపించింది. నా కళ్ల కోసమే అనుకున్నాను. ఊరుకో, ఊరుకో అంటున్నాను.

"జీ," అంది. "నేను భూపాలపల్లిల లేను."

"మరెక్కడున్నవ్?"

"వరంగల్‌ల. పిల్లల దవాఖానల."

నాకు అర్థం కాలేదు. ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. జబీన్‌కు బీపీ పెరిగి, భూపాలపల్లిలో కాదంటే, అంబులెన్సులో వరంగల్ తెచ్చారట. ఆపరేషన్ చేసి పిల్లవాణ్ని తీశారు. ఏడో నెల దాటీ దాటకుండా. అప్పటి నుంచి వాడు అద్దాల పెట్టెలో ఉన్నాడు. జబీన్‌కు కుట్లు మానక జ్వరం, కింది అంతస్తు వార్డులో పడుకుంది. జునైద్ మందులకూ రక్తానికీ తిరుగుతున్నాడు. సుగ్రా పైకీ కిందికీ.

"పుట్టినప్పటి సంది అక్కడ్నేనా?"

"అవును."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు ఒక్కనివే ఉన్నవ్. సుగరు మనిషివి. ఎవ్వలున్నరు నీకాడ? పిల్లగాడు దక్కుతడో దక్కడో తెల్వకపాయె. ఇయ్యాల చెప్త, రేపు చెప్త అనుకున్న." ముక్కు చీదుకుంది. "నువ్వు మిఠాయి పంచిన అన్నవ్. గట్ల అన్నంక నేనేం చెప్పాలె?"

"గిప్పుడెట్లున్నడు?"

"నిన్నటి సంది పాలు దిగుతున్నయి. దూదితోని పోస్తున్నరు."

ఫోన్ పెట్టాక దుకాణం వెనక తలుపు తీసి నిల్చున్నాను. ఒక రైలు పోయింది. వరంగల్ వైపే. ఇన్నాళ్లూ నా గోడ వెనక నుంచి రోజంతా ఆమె దగ్గరికే పోతున్నాయి ఇవి. వాటి చప్పుడు వింటూ, బస్సులు లేవని రాసుకుంటూ కూర్చున్నాను.

ఆమె కూడా ఇన్నాళ్లూ ఆ దవాఖాన మెట్ల మీద ఒక్కతే.

అక్టోబర్ 6

రైలెక్కాను. మెట్టు ఎంత ఎత్తుందో తెలియక తడబడితే ఒకాయన చెయ్యి అందించాడు. కళ్లు సరిగా కనిపించవన్నాను. ఒకసారి చెప్పాక రెండోసారి అంత కష్టం కాదు. ఆయన వరంగల్ స్టేషన్ బయట ఆటో దాకా వచ్చి ఎక్కించాడు.

సుగ్రా గేటు దగ్గర ఉంది. నేను ఆమెను దాటి పోయాను. నిజంగానే దాటి పోయాను. వెనక నుంచి నా చొక్కా పట్టుకుంది.

ఇద్దరం అలాగే గేటులో నిలబడ్డాం. దారికి అడ్డమని వాచ్‌మెన్ కసురుకున్నాడు.

జబీన్ చిక్కిపోయింది. చెయ్యి కాలుతోంది. "అబ్బాజాన్, వాన్ని సూసినవా?" అని అడిగింది. ఇంకా లేదన్నాను. ఇవాళ పైకి ఎవరినీ పోనివ్వలేదు.

అక్టోబర్ 8

నిన్న సుగ్రా నన్ను కంటి దవాఖానకు పట్టుకుపోయింది. సమ్మె వల్ల సగం మందే ఉన్నారు, చాలాసేపు కూర్చున్నాం. డాక్టరమ్మ చుక్కల మందు వేసి, లైటు పెట్టి చూసింది. ఎడమ కంట్లో శుక్లం. సుగర్ దిగితే ఆపరేషన్ చేస్తామంది, మంచి చూపే వస్తుందట. కుడి కన్ను సుగర్ లోపలినుంచి తినేసింది. ఉన్నది నిలబెట్టడమే తప్ప, పోయింది రాదు.

"ముందే రావలసింది," అంది.

బయటికొచ్చాక సుగ్రా నా చెయ్యి వదల్లేదు, రోడ్డు దాటాక కూడా.

ఒక కన్నుతో వడ్రంగం నడుస్తుందా? తెలియదు. సోమనర్సయ్యకు ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. "నాకు ఆ నాడే అనుమానమొచ్చింది అన్నా, అడిగితే నొచ్చుకుంటవని ఊకున్న," అన్నాడు. ఆపరేషన్ అయ్యేదాకా వారంలో రెండు రోజులు జనగామ వచ్చి నా పనులు చూస్తానన్నాడు. వద్దనలేదు.

ఇవాళ సాయంత్రం సిస్టరమ్మ మా ఇద్దరినీ లోపలికి రానిచ్చింది. చేతులు కడిగించి, పచ్చ గౌన్లు తొడిగింది. గదిలో మిషన్ల చప్పుడు. ఒక పెట్టె దగ్గర సుగ్రా ఆగింది. నేనూ ఆగాను. అద్దం మీద లైటు పడి మెరుస్తోంది. లోపల తెల్లటి గుడ్డ, దాని మీద ఎర్రగా ఏదో చిన్నది. అంతే. ఎంత వంగినా అంతే.

"కనిపిస్తున్నడా?" అంది సుగ్రా.

"లేదు."

ఆమె నా పక్కకు జరిగి, చెవి దగ్గర మెల్లగా మొదలుపెట్టింది.

"చెయ్యి నీ బొటనవేలంత ఉన్నది. అరచేతిల గీతలు సుత ఉన్నయి. తలమీద ఎంటికలు మస్తుగున్నయి, నల్లగ, చెవుల మీదికి. ముక్కు నీది గాదు, మా అబ్బాజాన్‌ది. పెదివి జబీన్‌ది. మొన్నటిదాక తోలు ముడతలు ముడతలుండె, గిప్పుడు జర నిండింది. మొదటి దినం గిట్ల లేకుండె జీ. నీలంగ ఉండె. డాక్టరు నన్ను బయటికి పొమ్మన్నడు. నేను మెట్ల మీద కూసున్న. ఎవ్వలు లేకుండె..."

ఆగింది.

"చెప్పు," అన్నాను.

చెప్పింది. మొదటి రోజు, రెండో రోజు, జబీన్‌కు తెలివి రాని రోజు, జునైద్ రక్తం ఇచ్చి పడిపోయిన రోజు. సిస్టరమ్మ వచ్చి టైమైందంది. బయట బెంచీ మీద కూర్చున్నాం. చాయ్ తెచ్చుకున్నాం, చల్లారిపోయింది. సుగ్రా ఇంకా చెబుతూనే ఉంది.